పోటు గీత

ఎన్నూరు మొగ దగ్గర
నా పని గీత గీయడం.
పోటు నీళ్ళు ఎందాకా వస్తాయో అందాకా
పటం మీద ఎర్రగా, ఒకే మందంలో.
గీతకి ఇవతల కట్టుకోవచ్చు, అవతల కూడదు.
ఏది ఇవతలో ఒక్కోసారి
ఆఫీసులో రెండో టీ తాగాక గానీ తేలదు.

కన్నియమ్మకి పటంతో పనిలేదు.
మోకాలిలోతు నీళ్ళలో చతికిలబడి
తాటాకు సంచి పళ్ళతో కరిచిపట్టి
రెండు చేతులా అడుగంతా తడుముతుంది.
రొయ్యేదో రాయేదో వేళ్ళకి తెలుసు.
నోరు తెరిస్తే సంచి జారిపోతుంది,
అందుకే నా ప్రశ్నలకి
కనుబొమలతోనే జవాబు.

ఒడ్డెక్కాక అంది:
"ముందిక్కడ నా మెడదాకా ఉండేది.
ఇప్పుడంతా బూడిద. కాలు పెడితే
పిండిడబ్బాలో పెట్టినట్టుంటుంది."

"అయితే పవర్‌హౌస్ మూసెయ్యాలంటావా?"
నా ఫారంలో ఆ గడి ఉంది మరి.

నవ్వింది. "మా పెద్దది అక్కడే,
బొగ్గు బెల్టు దగ్గర నైట్ డ్యూటీ.
దాని జీతంతోనే మా ఇంట్లో ఫ్యాను తిరిగేది.
మూసెయ్యమని నేనెందుకంటాను?
నీళ్ళకి దారి వదలమంటున్నా."

ఆ మాటకి గడి లేదు.

మా తాత మొలగొలుకుల బస్తాలు పడవకెత్తి
నెల్లూరు నుంచి బకింగ్‌హాం కాలవ మీద
ఈ పట్నానికి తెచ్చేవాడు.
గాలి పడిపోతే గట్టుమీద తాడు భుజానేసుకుని
పడవని లాక్కుంటూ నడిచేవాడట.
ఆ కాలవా ఒకప్పటి అభివృద్ధే.
దాన్ని తవ్విననాడు ఎవరి రొయ్యలు పోయాయో
మా ఇంట్లో ఎవరూ చెప్పుకోలేదు,
బియ్యం రేటు మాత్రం చెప్పుకున్నారు.
ఇప్పుడందులో రైలు స్తంభాలు
నల్లనీళ్ళలో దిగబడి నిలుచున్నాయి.
రోజూ ఆ రైల్లోనే ఆఫీసుకెళ్తాను,
కాలవ వాసనొచ్చే చోట ముక్కు మూసుకుని.

తెలుగులో పోటంటే సముద్రం ఎక్కిరావడం,
కత్తి దిగడం కూడా.
కన్నియమ్మకి చెబుదామనుకున్నాను గానీ
నా అరవం అంతదూరం రాలేదు.

రాత్రి కంప్యూటర్లో పటం తెరిచాను.
బూడిద మేట వేసినచోట
పోయినసారి ఎవరో "భూమి" అని రాశారు.
చెరిపి "నీరు" అన్నాను.
గీత నాలుగు వేళ్ళు లోపలికి జరిగింది.
పొద్దున అరివళగన్ సార్ అడుగుతారు, ఆధారమేదని.

ఆధారం అన్న గడిలో
"కన్నియమ్మ మెడ" అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.