తొమ్మిదిలో రెండు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసులో రాత్రి పదకొండు.
కిటికీ అద్దం మీద ఉప్పు చారలు.
అలల ఎత్తు కొలిచే పరికరం బాగానే ఉంది గానీ
దాని లెక్కలు రాసుకునే కంప్యూటరు
మూడు రోజులుగా ఒకే మాట అంటోంది:
చోటు లేదు.

ఇంత పెద్ద డిస్కులో చోటు లేకపోవడమేమిటి అన్నాను.
రాన్‌వా ఉన్ని స్వెటర్ చేతులు పైకి మడిచింది.
"ఇల్లు పెద్దదే. గుమ్మం ఇరుకు."
బూట్ అనే ఆ చిన్న గదిలో
తొమ్మిది కెర్నళ్లు, ఒకదాని భుజం మీద ఒకటి.
వచ్చిన ప్రతిదీ పాతదాన్ని పొమ్మనలేక
పక్కనే సర్దుకు కూర్చుంది.
పదోది బయట నిలబడి ఉంది.

నా వేళ్లు తొందరపడ్డాయి.
ఫైళ్లు కనిపిస్తూనే ఉన్నాయి కదా, చెరిపేస్తే సరి.
ఆమె నా మణికట్టు పట్టుకుంది
పడవ అంచు నుంచి పిల్లాణ్ణి లాగినట్టు.

ముందు అడుగు, అంది,
ఇప్పుడు దేని మీద నిలబడ్డావో.
అడిగాను. ఒక్క వరుసలో జవాబు:
కొన్ని అంకెలు, రెండు చుక్కలు, ఒక గీత.
ఆ పేరు కాగితం మీద రాసి చుట్టూ సున్నా చుట్టింది.
ఇది కొమ్మ. కూర్చున్నవాడు నరకకూడదు.

హానుస్ నరికాడు, ఆరేళ్ల కిందట.
రేవంతా తెలిసిన కథే, ఆయన ముందు మాత్రం ఎవరూ ఎత్తరు.
ఆ రోజు యంత్రం ఏమీ అనలేదు. ఆ వారమూ అనలేదు.
కాళ్ల కింద నేల లేదని తెలియక నడిచింది.
నవంబరు గాలివానలో కరెంటు పోయి వచ్చాక
లేవబోతే, లేవడానికేమీ లేదు.
నల్లటి తెర, మిణుకుమనే ఒక గీత.
ఆ రాత్రి అల ఎంత ఎత్తు లేచిందో
ఏ పుస్తకంలోనూ లేదు.
చేపల పడవలవాళ్లు కళ్లతోనే కొలుచుకున్నారు.

దాని ముందుదాన్నీ ఉంచమంది.
ఏరు దాటక ముందే తెప్ప తగలేస్తావా?
మిగతా ఏడింటినీ మన చేత్తో కాదు,
తెచ్చినవాడి చేతే పంపించాలట.
ప్యాకేజీల లెక్క చూసేవాడికి పేర్లు చెప్పాం.
ముందు ఉత్తుత్తిగా చేసి చూపించమన్నాం.
వాడు తీయబోయే జాబితా ఆమె పైకి చదువుతుంటే
నేను కాగితంతో సరిచూశాను.
నాలుగో పేరు దగ్గర గొంతు ఆగింది.
"ఇది నేనిక్కడ చేరిన నెలది."
కాసేపు గాలి చప్పుడే.
తర్వాత, సరే అనే అక్షరం నొక్కింది.

బయట నిలబడ్డది లోపలికొచ్చింది.
లేచేటప్పుడు చూసుకునే మెనూలో
మూడు పేర్లున్నాయని రెండుసార్లు లెక్కపెట్టి
రీబూట్.

కాఫీ ఎవరూ ముట్టుకోలేదు.
కింద ఏదో పడవ తాడు గుంజుకుంటోంది.
నలభై సెకన్లు. యాభై.
తెర మీద: అల ఎత్తు, రెండు మీటర్ల పది సెంటీమీటర్లు.

రాన్‌వా కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.
అయిపోయింది కదా, ఇంకా ఎందుకన్నాను.
"తెల్లారనీ," అంది.