మరో ముడి

ఎక్స్‌రేలో మోచేతి మొన విరిగి పైకి జరిగింది.
వెనక కండరం లాక్కుపోయింది దాన్ని.
అంగుళం కూడా లేదు ఎడం.
ఆ ఎడంలో ఆగిపోయింది ఆమె రోజు కూలి.

దోసిందా, డెబ్బై రెండేళ్ళు.
మాల్పికా రేవులో వలలు బాగుచేసే మనిషి.
చేపలు కడిగిన నీళ్ళకి మెట్టు జారింది.
ఒకరి మోచేతి నీళ్ళు తాగి బతికిన చెయ్యి కాదిది.

తీగ వేస్తారా, అని అడిగింది.
వేసేవాళ్ళం, అన్నాను.
మీ చర్మం పల్చన, తీగ కొస పొడుచుకొస్తుంది,
బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే ప్రాణం లేచొస్తుంది,
మళ్ళీ కోసి తీయాలి.
మీకు దారంతో కడతాను.

దారమా?
మంచం మీద నిటారుగా కూర్చుంది.
ఏ దారం? ఎన్ని పోగులు? నీటికి ఉబ్బుతుందా?
గడువు తీరిన ప్యాకెట్ ఒకటి చింపి ఇచ్చాను,
తెల్లటి అల్లికలో ఒక నీలం పోగు.
పళ్ళతో ఒక కొస పట్టి, మంచి చేత్తో లాగింది,
గోటితో గీరింది.

నున్నగా ఉంది డాక్టరమ్మా, జారుతుంది.
నార పోయి నైలాన్ వచ్చిన ఏడు
మా ముడులన్నీ జారాయి.
మూడు వలలు సముద్రం పాలు,
వాటితోపాటు మా అత్త పరువు.
నువ్వెన్ని వేస్తావు?

ఐదు.

మరొకటి వెయ్యి.

మొద్దుబారిన చెయ్యి నా వైపు,
తెర అవతల ఆమె తల.
ఎముకకి అడ్డంగా సన్నటి సొరంగం తొలిచాను.
కండర మొదట్లోంచి సూది దూర్చి,
దారాన్ని ఎముక వీపు మీద ఏటవాలుగా దాటించి
ఎనిమిది అంకె చుట్టాను.
చెయ్యి చాపి పట్టుకో బ్రైస్, అన్నాను.
బిగించాను.
పలకరింపుల్లేని అక్కచెల్లెళ్ళు
ఇరుకు బెంచీ మీద సర్దుకున్నట్టు
ముందు మొహమాటంగా, ఆ పైన ఒరుసుకుని
కూర్చున్నాయి రెండు అంచులూ.

ముడులు పైకి లెక్కపెట్టడం నా అలవాటు.
ఒకటి. రెండు.
మూడు దగ్గర తెర వెనక గొంతు కలిసింది,
గాలీసియన్‌లో, మెల్లగా.
నాలుగు. ఐదు.
కత్తెర కోసం చెయ్యి చాపాను.
తెర వెనక గొంతు ఆగలేదు.

సరే. ఆరు.

మూడు నెలలకి వచ్చింది.
నా బల్ల మీద మోచెయ్యి ధడాలున ఆనించి
కింద బొటనవేలితో తడిమి చూపింది:
ఇదిగో, గింజలా తగులుతోంది నీ ముడి.
పక్కకి తోసి దాచాలి, తెలీదూ?
చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేదు,
రెండు వేళ్ళ కొరత ఉంది.
దాని గురించి మాట్లాడలేదు.

తలుపు దగ్గర ఆగి అడిగింది,
మిగిలిన దారం ఏం చేస్తారు?

చెత్తలో వేస్తామని చెప్పడానికి
నోరు రాలేదు నాకు.