సుత్తి చప్పుడు

ఫిలేమోనూ,
ముప్పై ఒకటో తారీఖు రాత్రి నాకు డ్యూటీ పడ్డది.
మెట్టుగూడల అందరు తెల్లచీరలు కట్టుకొని,
ఇస్త్రీ అంగీలు తొడుక్కొని చర్చికి పోతుంటె
నేను నూనె మరకల కోటేసుకొని
సికింద్రాబాదు యార్డుల దిగిన.

నా పని నీకు ఎరుకే.
ఆగిన బండి పక్క పొంటి నడుస్త.
ఒక చేతిల టార్చి, ఒక చేతిల పొడుగు పిడి సుత్తి.
ఒక్కొక్క చక్రాన్ని కొట్టి ఇంట.
ఖంగుమంటె మంచిదే, ముందుకు పోత.
మొద్దుగ మోగితె ఆగి, వంగి చూస్త.
ముప్పై రెండేండ్లు ఇదే.
కొట్టుడు, ఇనుడు.

కొత్తల నాకు సమజ్ కాకపోయేది.
ఒక్కసారి గట్టిగ బిగించిన బోల్టు
మల్ల వదులెందుకైతదని.
మా పాత మేస్త్రి దేవసహాయం నవ్వేటోడు.
"బండి నడుస్తది గద రా, నడిచేది వదులైతది.
వదులు కాని బోల్టు చూడాల్నంటె
షెడ్డు ఎనకకు పో.
గడ్డిల పాత బోగీ నిలబడ్డది,
దానిది ఒక్క బోల్టు కదలదు.
అంత తుప్పే."

నీ సంగతి అడుగుతలేను.
ఆగస్టుల, దవాఖాన మెట్ల మీద,
నీ బిడ్డను తువ్వాలల చుట్టి ఇచ్చినప్పుడు
నేను నీ పక్కన్నే ఉన్న.
అయ్యగారు ఏదో చెప్పబోతుంటె
నువ్వు చెయ్యి అడ్డం పెట్టినవు.
ఆ చెయ్యి తప్పని నేను ఆనాడు అనలే,
ఈనాడు అనను.

పోయిన జనవరిల వచ్చిన వాగ్దానం కార్డు
చింపి పొయ్యిల ఏసినవంట.
నా ట్రంకుపెట్టెల ఇరవై ఆరు కార్డులున్నయి తమ్మీ.
అన్ని నెరవేరినయా అంటె ఏం చెప్త?
ఒక యేడు ఆరోగ్యం అని వచ్చింది.
ఆ యేడే మా అమ్మను
నారాయణగూడ సమాధుల్ల పెట్టొచ్చినం.
ఆ కార్డు పారేయబుద్ధి కాలె, చదవబుద్ధి కాలె.
బోర్ల పెట్టి దాచిన.
గట్ల దాచుడు గూడ ప్రార్థనేనేమో,
నాకు ఎరుక లేదు.

పన్నెండు కొట్టంగనె
యార్డుల ఇంజన్లన్ని ఒక్కపారి కూత పెట్టినయి.
మెట్టుగూడ దిక్కు పటాకులు, ఆ నడుమ
సన్నగ మన చర్చి గంట.
టోపీ తీసి నిలబడ్డ.
మాటలు రాలె.
"తండ్రీ" అన్న. గంతె.

పన్నెండు ఇరవైకి ఒక బండి లోపలికొచ్చింది.
సాలు మారిందని చక్రానికేం తెలుసు,
మల్ల మొదటి నుంచి మొదలువెట్టిన.
ఏడో బోగీ కాడ మొద్దుగ మోగింది.
గుండె జల్లుమన్నది. టార్చి పెట్టి చుట్టూర వెతికిన,
పగులు దొరకలె.
చూస్తె, బ్రేకు పట్టేసుకొని ఉన్నది.
విడిపిచ్చి మల్ల కొట్టిన.
చలిల ఎంత దూరం పోయిందో ఆ చప్పుడు!

మొద్దు చప్పుడల్ల పగులు కాదు ఫిలేమోనూ.

ఇప్పుడు టైము నాలుగైతుంది.
చాయ్ తాగుకుంట, డ్యూటీ కాయితం ఎనక
ఇదంత రాస్తున్న.
తొమ్మిదిన్నరకు ఆరాధన.
నేను దిగి సక్కగ అటే వస్త, తానం గూడ చెయ్యకుంట.
ఎడమ దిక్కు మూడో బెంచి,
కిర్రుమనే ఫ్యాను కింద, నీ జాగ ఖాళీగనే ఉన్నది.
ప్రతి ఆదివారం మా కెజియా
తన సంచి పెట్టి ఆపుతున్నది.
ఎవరన్న కూసుంటనంటె "వస్తున్నడు" అంటది.
ఐదు నెలల సంది అదే మాట.

నువ్వు పాడకు, చేతులెత్తకు.
వాక్యం చెప్తుంటె కిటికీలకెల్లి
రైళ్లు చూసుకుంట కూసో.
నేను గూడ మస్తుసార్లు గంతే చేసిన.

ఇంకొకటి. రాత్రి మా ఆమె
నీ పేరు మీద గూడ ఒక కార్డు తీసిందంట.
కేకు ముక్కతోని డబ్బాల పెట్టి గేటు కాడికి పంపింది.
నా జేబుల ఉన్నది. నేను చదవలె.
మూల మీద నా బొటనవేలి గ్రీజు అంటింది,
ఏమనుకోకు.