ముద్ద ముద్దకూ రాగులు

మిర్ఖాబ్‌లో తొమ్మిదో అంతస్తు.
బటన్ రంగు నీలం నుంచి ఆకుపచ్చకు మార్చాను.
ఒక్క పదం.
ఎంటర్ కొడితే
నల్ల తెర మీద చుక్కలు మొదలయ్యాయి.
పదకొండు నిమిషాలు.

రెండువేల మూడువందల ఫైళ్లు.
పోయినేడు రాసినవి, ఎవరూ ముట్టుకోనివి,
రాసినవాడు కంపెనీ మారి దోహా చేరినా
ఇక్కడే మిగిలిపోయినవి,
ఒక్కొక్కటే లేచి వరసలో నిలబడి
మళ్ళీ పుట్టి వస్తున్నాయి.
కిటికీ బయట తోజ్.
ఎదుటి టవరు నడుము దాకానే ఉంది.

పాంట్రీలో రెడ్డెమ్మ కప్పులు కడుగుతోంది.
చిన్నమండెం దగ్గర ఊరు. కువైట్‌లో పదమూడేళ్లు,
తొమ్మిదేళ్లు ఇళ్లలో, నాలుగేళ్లు ఈ సింకు ముందర.
"ఏం పాపా, ఇంకా ఉడకతానే ఉందా?"
ఉడుకుతోందన్నాను.
పిసరంత మార్చినా మొదటి నుంచీ
మొత్తం చేసుకొస్తుందని చెప్పాను.
ఆమె కొళాయి కట్టేసింది.
"ముద్ద ముద్దకూ రాగులు ఇసురుతాదా మీ మిషను?
ఒకపారి ఇసిరి పిండి మూటగట్టి పెట్టుకుంటే
సంగటి ఎప్పుడంటే అప్పుడు కెలుక్కోవచ్చు గదా!"

నవ్వుకుంటూ వచ్చాను.
ఆ నవ్వు నా కుర్చీ దాకానే వచ్చింది.

ఆ రాత్రి ఉండిపోయాను. ముందు కొలిచాను.
కొలవకుండా తిట్టడం ఏడాదిగా చేస్తున్న పనే.
నాలుగు వందల బొమ్మల్ని, ఎన్నడూ మారని మా లోగోతో సహా,
ప్రతిసారీ కొత్తగా పిండుతోంది.
ఎనిమిది కోర్లలో ఒకటి బరువు మోస్తుంటే
ఏడు గట్టున కూర్చుని చూస్తున్నాయి.
కాష్ ఉంది. ఎప్పటి నుంచో ఉంది.
కానీ ప్రతి ఫైలు నెత్తినా
ఆ క్షణపు తేదీ, టైమూ అచ్చొత్తే లైనొకటి
ఎవరు రాశారో, ఎందుకు రాశారో,
దానివల్ల నిన్నటి ఫైలు ఇవాళ గడప తొక్కితే
"ఎవరు నువ్వు" అంటోంది కాష్.

ఆ లైను కొట్టేశాను.
తొమ్మిది సెకన్లు.
నమ్మకం కుదరక మళ్ళీ నడిపాను.
మూడు.

చూడ్డానికి ఎవరూ లేరు.
ఫర్వానియా బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

పొద్దున హాతిమ్ "మబ్రూక్" అని
నా పేరు కింద ఇంకో రెండు పనులు పెట్టాడు.
రోజుకు ఇరవైసార్లు, పదకొండు నిమిషాల చొప్పున
మూడు గంటల నలభై నిమిషాలు మిగిల్చాను.
ఎక్కడున్నాయో వెతికాను.
జీతం చీటీలో లేవు.
పాంట్రీ దారి నా కాళ్ళు మర్చిపోయాయి.
టీ తనే తెచ్చి మౌస్ పక్కన పెట్టి రెడ్డెమ్మ అంది:
"పిండి మాట చెప్పి
మన కబుర్లకే ఎసరు పెట్టుకుంటినే!"
తలెత్తేలోపు బిల్డ్ అయిపోయింది.
ఆమె కూడా వెళ్ళిపోయింది.

జూన్‌లో ఆమె అకామా గడువు.
ఫారం అరబ్బీలో ఉంది, తోడు రమ్మంది.
సెలవు పెట్టి వెళ్ళాను.
అదే పేరు, అదే ఊరు, అదే తండ్రి పేరు
మళ్ళీ గళ్ళు గళ్ళుగా నింపాను.
అదే బొటనవేలు అద్దం మీద పెడితే
మిషన్ గుర్తుపట్టలేదు.
పదమూడేళ్ల సబ్బునీళ్లకి గీతలు అరిగాయి.
తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ.
మళ్ళీ.
ఏ ఏడాదికా ఏడాది కొత్త తేదీ నెత్తికెత్తుకుని
కొత్త మనిషిలా రావాలి ఈమె.
ఇక్కడ ఏ లైను కొట్టేయాలో నాకు తెలీదు.
ఆ ఫైలు తెరిచే హక్కు కూడా లేదు.

పక్కకు కూర్చోమన్నారు.
గోడ మీద ఎర్ర అంకె ఎనభై తొమ్మిది.
మా చీటీ మీద నాలుగు వందల పన్నెండు.
రెడ్డెమ్మ లెక్కేసింది, పెదవులు కదుపుతూ,
వేళ్ల మీద.
"పొద్దుగూకుతాది పాపా" అంది.
చున్నీ సర్దుకుని, కాళ్ళు పైకి మడుచుకుని,
సంచిలోంచి స్టీలు డబ్బా తీసి
మూత నా చేతికిచ్చింది.
"ఊఁ, ఇప్పుడు చెప్పు."