నలభై నిమిషాలు

అల్లూరులో మేత కొట్టు పైన రేకుల గది.
కింద బస్తాల వాసన. పైన నా రెండు లాప్‌టాప్‌లు,
ఒక యూపీఎస్, ఒక బల్లి.
కొట్టు పెంచలరెడ్డన్నది. రెండేళ్లు బాడుగ అడగలా.
"నీ యాప్ లేచినాక చూద్దాంలే మ్మే" అన్నాడు.

యాప్ అంటే పెద్దదేం కాదు.
రొయ్యల గుంతల మీద కాపలా పడుకునేవాళ్లు
ఒకరినొకరు పిలుచుకునే చోటు.
రాత్రి రెండింటికి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే
గోగులపల్లిలో ఒకడు "డీజిలుందా ఎవురికన్నా" అంటాడు,
మూడు గట్ల అవతల టార్చి వెలుగుద్ది.
చదువు రానోళ్ల కోసం గొంతు మీట పెట్టా.
మొదటి నెలంతా అందులో దగ్గులే వచ్చాయి.

బెంగుళూరులో ఒకాయన, మేజోళ్లు లేని బూట్లు,
"ఎంతమంది మీ దాంట్లో?" అన్నాడు.
మూడు వందల పన్నెండు అన్నా.
"వేలా?"
కాదు సార్, మనుషులు.
కాఫీ మాత్రం బాగుండింది.

ఆగస్టులో ఒకనాడు, మధ్యాహ్నం మూడూ ఇరవైకి
ఇసకపల్లి కావేటి రమణయ్య ఫొటో పెట్టాడు.
విప్పిన బస్తా, లోపల బూజు.
కింద ఆయన గొంతు: "ఈ లాటు మేత ఎవురూ ఎయ్యబాకండి."
బస్తా మీద కొట్టు పేరు.
నా కాళ్ల కింది కొట్టు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. అన్న అరవలా.
గుమ్మంలో నిలబడి ఫాను వైపు చూశాడు,
ఆ ఫాను కూడా ఆయనదే.
"రుజువు లేకుండా ఎట్టా మ్మే, నువ్వే చెప్పు."

మూడున్నరకి తీసేశా.
వేలు ఒక్కసారి తాకితే చాలు,
అంత నున్నగా మాయమయ్యేట్టు
కట్టింది నేనే కదా.

నాలుగింటికి మేత చల్లే వేళ.
తెప్పలు గుంతల్లోకి దిగే వేళ.
నేను టీ తాగా. గ్లాసు కడిగా. మళ్లీ కడిగా.
నాలుగూ పదికి తిరిగి పెట్టా.

ఆ లోపల ఎన్ని గుంతల్లో ఆ మేత పడిందో
ఎవరూ లెక్క చెప్పలా.
పోలమ్మక్క ఒక్కతే, వారం తర్వాత, మీట నొక్కి:
"సెల్లు ఇన్నాకే పోయినా తల్లీ,
అందులో ఏమీ లేదే."
గొంతులో కోపం లేదు.
వెనకాల చెక్‌ట్రే ఎత్తినట్టుంది, నీళ్లు కారుతున్నాయి.

ఇప్పుడు గది మారా, బస్టాండు వెనక.
బాడుగ మూడు వేల ఐదొందలు, ఒకటో తేదీకే కడతా.
పదకొండు వందల మందిమయ్యాం.
బూట్లాయన మళ్లీ ఫోన్ చేశాడు.
అంతా బాగుందిగానీ, తీసేసిన మాట చోట
ఆ బూడిదరంగు గీత ఎందుకు, అందం చెడుతోంది,
ఎవరూ ఇట్టా పెట్టరే, అన్నాడు.

గీత మీద ఉంటుంది:
ఇక్కడొక మాట ఉండింది.
తీసింది వెంగమ్మ. మూడున్నరకి.

ఎవరు తీస్తే వాళ్ల పేరు. మొదటి గీత నాది.

పోలమ్మక్కకి చదువు రాదు.
ఆమె వేలు పెడితే ఆ గీత మాట్లాడుద్ది,
నా గొంతుతో.