ఏడో నంబరు

గిరింపేట బ్యాండు షెడ్డులో, పొద్దుపోయినాక,
మూడు మౌత్‌పీసులు తువ్వాలు మీద పరిచినా.

ఇత్తడిది కరుస్తాది.
ఊరేగింపులో జనరేటరు గోలను చీల్చాలంటే అదే.
పన్నెండేండ్ల ముహూర్తాలు
దానిమీది నా పంటిగాట్లు.

ప్లాస్టిక్‌ది మాట వింటాది.
అదే దాని రోగం.

నల్ల ఎబొనైటుది, ఏడో నంబరు,
మద్రాసు పాతసామాన్ల కొట్లో దొరికింది.
నెల రోజులు ఉత్త గాలే ఇచ్చింది,
కింది స్వరం అడిగితే ఈనే బర్రె మూలుగు.
"నాదస్వరానికి మా నాయన ఎన్ని పీకలు మార్చినా
ఆఖరికి మారింది పెదవేరా"
అన్నాడు ఏకాంబరం మేస్త్రి, బీడీ ఆర్పుతా.

నిన్న రాత్రి
జాజ్ రికార్డు వెంట పోతా పోతా
ఒక స్వరం ఆలస్యంగా, వంగి, వచ్చింది
తడి గచ్చుమీద చెప్పులీడ్చినట్టు.

రేపు కట్టమంచిలో పెళ్ళి. ఇత్తడిదే.
ఇది మాత్రం
చొక్కా జేబులో, వెచ్చగా.