ఏడో నంబరు మెడ

దొర పని ఇడిసి పోతపోత
కారు డిక్కీలకెల్లి తీసిచ్చిండు పాత సంచి.
పదకొండు కర్రలు.
పదహారేండ్లు ఆయన వెనుక మోసిన సంచే.
భుజానికి దాని బరువు ఎరుకే,
చేతికే ఎరుక లేదు.

ఆయన ఆరడుగుల మనిషి. నేను అయిదూ రెండు.
మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు నాది.
మోచేతులు పూరాగ సాగవు,
నడుము తలుపు చెక్క,
పక్కకు చూడాలంటే మనిషినంతా తిప్పాలె.
తోటి కేడీలు నవ్విండ్రు:
"రెండించులు కోయించుకో ఈదయ్యా,
లేకుంటే కర్రే నిన్ను ఆడిస్తది."

కోయించుకుందామనే మాల్ అంగడికి పోయిన.
వడ్ల పుల్లయ్యచారి కొట్టు.
గొడ్డండ్లకు కామలు, పారలకు కట్టెలు,
గోడకు ఆనిచ్చిన నాగలి ఒకటి,
చెక్కించుకున్నోడు మళ్ల రాలేదంట.
చారి సంచి దిక్కు చూడలే, నా దిక్కు చూసిండు.
"చెప్పులిడువు. నీకు అలవాటున్నట్టు నిలవడు.
చేతులు జారిడువు."
నూలుదారంతోని మణికట్టు కాంచి మన్ను దాంక కొలిచిండు.
మళ్లొకపారి కొలిచిండు.
"నీ ఎత్తుకు ఈ కర్ర పొడుగు.
వంగని నడుముకు, సాగని చేతులకు పొట్టి.
నువ్వు ఆడేది ఎత్తుతోనా, చేతులతోనా?"

నాకు జవాబు రాలే.
ఇన్నేండ్లు నన్ను అడిగినోళ్లంతా
ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల సంది అని అడిగిండ్రు గని
ఎట్ల ఆడుతవని అడుగలే.

కోయలే. అతికిండు.
సండ్ర చేవ సన్నగ చెక్కి
గొట్టంల దిగ్గొట్టి ఇంచున్నర పెంచిండు.
కణుపులు ఉబ్బిన నా వేళ్లు పట్టుకొని
పిడి మీద ముడిచి చూసిండు.
వేలికొస అరచేతిని గుచ్చితే పిడి సన్నమంట,
అందకుంటే లావంట.
నా వేళ్లు అసలే ముడుసుకోవు గద,
సైకిలు ట్యూబు కోసి మూడు సుట్లు సుట్టిండు.

ఇగ అడుగున పలస్త్రి అంటించి
చెక్క పలక మీద కొట్టమన్నడు.
గీత ముక్కు కాడ పడ్డది,
మడిమె తెల్లగనే మిగిలింది.
"ఇనుము పండుకున్నది, నువ్వు నిలవడ్డవు.
మీ ఇద్దరికి పొత్తు కుదరది."
కొలిమిల పెడతడేమో అనుకున్న. పెట్టలే.
కాలిస్తే దీని జీవం పోతదన్నడు.
వైసుల బిగించి, మూరెడు పైపు తొడిగి
పసిపిల్ల చెయ్యి తిప్పినంత మెల్లగ.

ఏడో నంబరు మెడ వంగింది.
నా మెడ వంచనీకె
పెద్దాసుపత్రుల ఇద్దరు డాక్టర్లు, ఒక మిషిను.
కాలేదు.
నాకు ఈర్ష్య అయింది, ఒక ఇనుప ముక్క మీద.

సంచిల పద్నాలుగు దాంక పెట్టుకోవచ్చు.
నేను అయిదు ఉంచుకున్న.
గట్టి కాడలు గట్టిగ ఇసిరెటోనికి,
నా ఇసురు పావలా మందం.
డ్రైవరు చారి కొట్లనే ఇడిసిపెట్టిన, కూలి కింద.
మూడో నంబరుతోని మా అండాలు
సింతకాయ రాలగొడుతది,
దొర కంటె మంచిగ కొడుతది.

పొద్దుగూకే యాళ్ల, ఎండిన కుంటల,
పగుళ్ల మీద బంతి పెట్టి నిలవడ్డ.
పదహారేండ్లు దొరలకు చెప్పి చెప్పి గొంతు పోయింది:
తల లేపకుండ్రి, బంతి పోయినంక గూడ లేపకుండ్రి.
ఒక్కలు ఇనలే.
నేను లేపలే.
లేవది.

సప్పుడు వచ్చింది. చెయ్యి జివ్వుమనలే.
ఎటు పోయిందో చూద్దామని
కాళ్లు, నడుము, భుజాలు అన్ని ఒక్కటిగ తిప్పుకుంట తిరిగేసరికి
గుట్ట దిక్కు దుమ్ము తప్ప ఏం లేదు.

"ఎటు పోయిందిరా?"
మేకల పిల్లగాడు కర్ర చాపి చూపెట్టిండు.
నూటపది గజాలు ఉంటదేమో.
దొర దీనితోనే నూటయాభై కొట్టెటోడు, తుమ్మలల్లకు.
"నీ ముందటికే పోయింది తాతా,
సక్కగ."

ఇంకొకటి పెట్టుమన్న.